ఎర్ర చల్క గడ్డికి ఇంకో బస్తా యూరియా పెంచాలా?

ముందు మీ ప్రశ్నను అందరికీ అర్థమయ్యేలా మళ్లీ చెప్తాను. వికారాబాద్ వైపు మీకు రెండెకరాల పశుగ్రాసం ఉంది. ఒక ఎకరం ఎర్ర చల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల), ఇంకో ఎకరం నల్లరేగడి. రెండింట్లో సూపర్ నేపియర్, ఓ పక్కన మళ్లీ మళ్లీ కోతకొచ్చే జొన్న. కోసిన రోజే ఎకరాకు బస్తా యూరియా చల్లి, మడి నిండా నీళ్లు పెడుతున్నారు. చల్కలో పది రోజులకే గడ్డి నల్లగా నిగనిగలాడుతుంది, ఇరవై ఐదో రోజుకల్లా పాలిపోతుంది. రేగడిలో నిదానంగా లేస్తుంది గానీ కోత దాకా రంగు దిగదు, కాకపోతే వానాకాలంలో నీరు నిలిచి పసుపుబారుతుంది. ప్రభుత్వం మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో మాత్రం రెండు పొలాలకూ నత్రజని 'తక్కువ' అనే ఉంది, అంకెలూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అందుకని చల్కకు ఇంకో బస్తా పెంచమంటారా అని అడిగారు.

పెంచొద్దండి. ఆ బస్తానే మూడు విడతలు చేయండి. రేగడిలో యూరియా సంగతి తర్వాత, ముందు నీరు బయటికి పోయే దారి చూడండి. చదివే ఓపిక లేనివాళ్లకు ఇది చాలు. ఎందుకో తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం మిగతాది రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు మట్టి నమూనాలతో గడిపాను, ఇప్పుడు ఆరు గేదెలు పెట్టుకుని నేనూ ఈ గడ్డే కోస్తున్నాను.

కార్డు దగ్గర మొదలుపెడదాం. 2015లో వచ్చిన ఆ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక (pH), లవణాలు, సేంద్రియ కర్బనం. ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అన్న గడి అందులో లేదు. మీ రెండు పొలాలకూ ఉన్న అసలు తేడా అదే, దాన్నే కార్డు చెప్పదు. పోనీ నత్రజని అంకె ఉంది కదా అంటే, అది ఈరోజు వేరుకు అందే నత్రజని కాదు. మట్టిని క్షార పర్మాంగనేట్‌తో మరిగించి, సేంద్రియ పదార్థంలోంచి తేలిగ్గా ఊడివచ్చే నత్రజనిని కూడా కలిపి కొలుస్తారు. హెక్టారుకు 280 కిలోల లోపుంటే 'తక్కువ' అని రాస్తారు. మన తెలంగాణ పొలాల్లో ఎక్కువ భాగం ఆ గీత కిందే ఉంటాయి. అంకె అబద్ధం కాదు, మీ ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే.

మొక్క తాగేది ఖనిజ రూపంలో ఉన్న నత్రజనిని. అది రెండు రకాలు: అమ్మోనియం, నైట్రేట్. మట్టిలో ఉన్న మొత్తం నత్రజనిలో ఈ రెండూ కలిపి ఏ రోజు చూసినా పిడికెడే. మిగతాదంతా కుళ్లిన వేళ్లు, పెంట, చచ్చిన సూక్ష్మజీవుల రూపంలో తాళం వేసి ఉంటుంది. మీరు వేసిన యూరియా తడి తగిలాక రెండు నుంచి నాలుగు రోజుల్లో అమ్మోనియం అవుతుంది, తర్వాత రెండు మూడు వారాల్లో చాలా భాగం నైట్రేట్‌గా మారిపోతుంది. యూరియా గింజకు వేపనూనె పూత ఉంటే ఇది కాస్త నిదానిస్తుంది.

ఇక్కడే నేల స్వభావం పగ్గాలు చేతిలోకి తీసుకుంటుంది. అమ్మోనియానికి ధనావేశం, బంకమన్ను రేణువుకు రుణావేశం. అందుకని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రేగడిలో బంకమన్ను సాధారణంగా 40 నుంచి 60 శాతం, చల్క పైపొరలో 10, 15 ఉంటే గొప్ప. ఆ పట్టు ఎంత తేడానో మీరే ఊహించుకోవచ్చు. నైట్రేట్‌కు మాత్రం రుణావేశమే. దాన్ని ఏ మట్టీ పట్టుకోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. అంటే చల్కలో అమ్మోనియాన్ని పట్టే చేతులు తక్కువ, గాలి బాగా ఆడుతుంది కాబట్టి నైట్రేట్‌గా మారడానికి అడ్డూ లేదు, ఆ నైట్రేట్‌ను కిందికి లాక్కెళ్లే నీటికి దారి మాత్రం బార్లా తెరిచి ఉంటుంది.

ఎంత కిందికి? ఒక మోటు లెక్క ఉంది. అప్పటికే పదును మీద ఉన్న నేలలో పడ్డ నీరు, ఆ నేల పట్టుకోగల తేమ శాతాన్ని బట్టి నైట్రేట్‌ను కిందికి నెడుతుంది. చల్క తన ఘనపరిమాణంలో సుమారు 15 శాతం నీటిని నిలుపుకుంటుంది, రేగడి 40 శాతం పైన. ఒక రాత్రి 60 మిల్లీమీటర్ల వాన పడితే, చల్కలో నైట్రేట్ 60ని 0.15తో భాగిస్తే వచ్చే 400 మిల్లీమీటర్లు, అంటే 40 సెంటీమీటర్లు దిగుతుంది. అదే వానకు రేగడిలో 15 సెంటీమీటర్లు కూడా దిగదు. నేపియర్ వేళ్లు లోతుకు వెళ్తాయి, కాదనను. కానీ తిండి తినే సన్నవేళ్లు ఎక్కువగా పై అడుగులోనే ఉంటాయి, అందులోనూ కోసిన వారం రోజులు అవి సగం నిద్రలో ఉంటాయి.

ఇది నాకు పుస్తకంలో కన్నా నా పొలంలోనే బాగా అర్థమైంది. ఓ ఏడు ఆగస్టులో కోత కాగానే సాయంత్రం పూట చల్కలో యూరియా చల్లించాను. ఆ రాత్రే దంచికొట్టింది. యూరియా అమ్మోనియంగా మారకముందు దానికి ఏ ఆవేశమూ ఉండదు, అదీ నీళ్లతోనే జారిపోతుంది. ఈ మాట పదిమందికి చెప్పినవాణ్ని, ఆ రోజు ఆకాశం మాత్రం చూడలేదు. పది రోజులకు ఆగర్‌తో (మట్టి తీసే బరమా) మూడు లోతుల మట్టి తీసి నైట్రేట్ చూస్తే, పై జానెడులో దాదాపు ఏమీ లేదు, మోకాలి లోతులో మాత్రం పోగుపడి ఉంది. గడ్డి పైన ఆకలితో పసుపుబారుతోంది, దాని తిండి కింద మూలుగుతోంది. అక్కణ్నుంచి ఇంకో వానకు బోరులోకే.

బోరు అంటే గుర్తొచ్చింది. తాగేనీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. చల్క నేలల మధ్య ఉన్న చాలా బోర్లలో అది దాటుతోంది. మీ బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి, ఇంట్లో పసిపిల్లలుంటే తప్పనిసరిగా. గడ్డికి మాత్రం అది తిరిగొచ్చిన బాకీ లాంటిది: 45 మిల్లీగ్రాముల నీటిని ఎకరాకు 5 సెంటీమీటర్ల మందాన పెడితే సుమారు 2 కిలోల నత్రజని పొలానికి చేరుతుంది. పది తడులకు 20 కిలోలు, అంటే దాదాపు ఓ యూరియా బస్తాలో ఉన్నంత.

ఇప్పుడు అవసరం ఎంతో చూద్దాం, ఎందుకంటే 'ఇంకో బస్తా' ఆలోచన ఇక్కణ్నుంచే వస్తుంది. ఎకరానికి ఒక కోతలో 10 టన్నుల పచ్చిగడ్డి వస్తే అందులో ఎండు పదార్థం సుమారు 2 టన్నులు. మాంసకృత్తులు 9 శాతం అనుకుంటే గడ్డితో పాటు బయటికి పోయే నత్రజని 29 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది దాదాపు 21 కిలోలు. ఎనిమిది కిలోలు తక్కువ పడింది కదా అంటారు. ఆ లోటు నేల, పెంట, కొట్టం నీళ్లు పూడ్చాలి.

నేల ఎంత పూడుస్తుంది? ఎకరం పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. చల్కలో సేంద్రియ కర్బనం 0.35 శాతం అనుకోండి, అంటే 3,150 కిలోలు. దానికి పదో వంతు నత్రజని, 315 కిలోలు. ఏడాదికి అందులో 2, 3 శాతమే విడుదలవుతుంది: 6 నుంచి 9 కిలోలు. రేగడిలో కర్బనం 0.6 ఉంటే ఇదే లెక్కన 11 నుంచి 16 కిలోలు. బంకమన్ను సేంద్రియ పదార్థాన్ని తన పొరల మధ్య దాచుకుంటుంది కాబట్టి రేగడి గాదె పెద్దదే గానీ తలుపు బిగుతు. చల్క గాదె చిన్నది, తలుపు వదులు, పెట్టింది పెట్టినట్టు ఖర్చయిపోతుంది. ఏడాదికి ఆరేడు కోతలకు 180, 200 కిలోలు కావాల్సిన చోట ఇవి ఏ మూలకు? అందుకని పెంట తప్పదు. అయితే చల్కలో మూడేళ్లకోసారి గుట్టగా తోలడం కన్నా ఏటా కొంచెం కొంచెం వేయడం మేలు. సగం మాగిన, గడ్డీగాదం కలిసిన పెంట మాత్రం వద్దు. ఆ చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందు మీ యూరియానే తినేస్తాయి, నెల రోజులు గడ్డి పాలిపోతుంది. పెంట వేశాక పంట పసుపుబారిందని వచ్చే ఫోన్లలో సగం ఇవే.

చల్కలో ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను. కోసిన రోజు యూరియా వద్దు. ఐదారు రోజులకు దుబ్బులోంచి పిలకలు కనపడగానే మూడో వంతు, అంటే 15 కిలోలు వేయండి. మళ్లీ పదిహేనో రోజుకు 15, ఇరవై ఐదో రోజుకు 15. మీరు 45 రోజులకు కోస్తున్నారు కాబట్టి చివరి విడతకూ కోతకూ మధ్య 20 రోజులుంటాయి. ఆ ఎడం ఎందుకో కింద చెప్తాను. చల్లాక అదే పూట పలచని తడి, ఒకటి రెండు సెంటీమీటర్లు, ఇవ్వండి. పైన వదిలేస్తే గాలిలోకి అమ్మోనియాగా పోతుంది. యూరియా గింజ కరిగిన చోట మట్టి తాత్కాలికంగా క్షారమవుతుంది, దాన్ని తట్టుకునే శక్తి ఇసుక నేలకు తక్కువ. మడి నిండా పెడితే నష్టం అటునుంచి: మీ చల్కలో పై అడుగు మట్టి మొక్కకు దాచగలిగేది మొత్తం రెండున్నర, మూడు సెంటీమీటర్ల నీరే. అంతకు మించి పెట్టింది నైట్రేట్‌ను తీసుకుని కిందికి పోయే నీరు. కాబట్టి నాలుగైదు రోజులకోసారి చిన్న తడి. డ్రిప్ ఉంటే యూరియాను వారానికింత కరిగించి పంపండి, ఈ నేలకు అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. చల్కలో గంధకం కూడా తరచూ తక్కువ ఉంటుంది కాబట్టి ఏడాదిలో ఒకటి రెండు విడతలు యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్ వేసుకోవచ్చు. అందులో నత్రజని 20 శాతం పైచిలుకే, లెక్క మార్చుకోవడం మర్చిపోకండి.

రేగడి కథ వేరు. అక్కడ నైట్రేట్ కిందికి పోదు, పైకి పోతుంది. నీరు నిలిచి మట్టి రంధ్రాలన్నీ నిండితే, ఊపిరాడని సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. మన వానాకాలపు వేడికి రెండు మూడు రోజుల నిలవనీరు చాలు. పెంట బాగా వేసిన మడిలో ఇది ఇంకా జోరుగా జరుగుతుంది, వాటికి తిండి దొరుకుతుంది కాబట్టి. మీ గడ్డి జూలైలో పసుపుబారడానికి ఇదొక కారణం. జాలుపట్టిన వేళ్లు ఉన్న నత్రజనిని కూడా తీసుకోలేకపోవడం రెండోది. ఆ నీళ్లలో యూరియా చల్లడం డబ్బు పారబోయడమే. ముందు కాలువ తీయండి. కాలు దిగబడకుండా పదును వచ్చాక 10, 15 కిలోలు వేయండి, అప్పుడు చూడండి రంగు. వచ్చే ఏడు మళ్లీ నాటేటప్పుడు రేగడిలో మాత్రం చదును మడిలో కాకుండా బోదెల మీద నాటండి.

వేసవిలో రేగడికి ఇంకో తంటా, పగుళ్లు. ఎండి బీటలు వారిన నేలలో యూరియా చల్లి నీళ్లు వదిలితే ఆ నీరు పగుళ్లలోంచి నేరుగా లోతుకు పోతుంది. బంకమన్ను పట్టుకుంటుందిలే అన్న ధీమా అక్కడ పనికిరాదు, నీరు మట్టిని తాకకుండానే దాటిపోతుంది. ముందు తడి పెట్టి బీటలు మూసుకోనివ్వండి, రెండో రోజు యూరియా వేసి పైన కొద్దిగా తడపండి. మన రేగళ్లలో సున్నం ఎక్కువ, ఉదజని సూచిక 8 దాటి ఉంటుంది. పైన వదిలేసిన ఎరువు ఇక్కడా ఆవిరవుతుంది, కాబట్టి సాళ్లలో వేసి మట్టి కప్పితే మరీ మంచిది. మిగతా రోజుల్లో ఈ నేలకు రెండు విడతలు చాలు, పది పన్నెండు రోజులకో తడి చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా 'రేగడికి ఎరువు తక్కువ పడుతుంది' అంటే అది సగం నిజం. గడ్డి బయటికి తీసుకుపోయేది రెండు పొలాల్లోనూ అంతే. రేగడి మనం చేసిన తప్పును కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది.

తొలకరి సంగతి కూడా చెప్పాలి. ఎండిన నేల మీద మొదటి వాన పడగానే వారం పది రోజుల్లో, ఏ ఎరువూ వేయకపోయినా గడ్డి భగ్గున పచ్చబడుతుంది, చూసే ఉంటారు. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలు, విడివడిన సేంద్రియ పదార్థం ఒక్కసారిగా ఖనిజ నత్రజనిగా మారతాయి. కెన్యాలో దీని మీద పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త 1958 పరిశోధన తర్వాత దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. సేంద్రియ పదార్థం ఎక్కువున్న రేగడిలో ఈ పొంగు పెద్దది, అక్కడ మొదటి వానకు యూరియా ఆపినా నష్టం లేదు. చల్కలో పొంగు చిన్నది, తర్వాతి వానకే కొట్టుకుపోతుంది. గడ్డి వేళ్లు అప్పటికి బతికి ఉండి తాగేస్తేనే దక్కుతుంది.

ఇప్పుడు ఆ 20 రోజుల ఎడం గురించి, ఇది పశువు ప్రాణానికి సంబంధించింది. మొక్క నైట్రేట్ తాగి, దాన్ని మాంసకృత్తుగా మార్చలేకపోతే కాండంలో నిల్వ చేసుకుంటుంది. బెట్ట, మబ్బు, చలి, ఏదైనా పెరుగుదల ఆపితే ఇది జరుగుతుంది. చల్క తొందరగా ఎండుతుంది కాబట్టి యూరియా వేసిన వారానికి బెట్ట వస్తే అక్కడి జొన్నతోనే పశువుకు ముందు ప్రమాదం. బెట్ట విరిగి వాన పడ్డాక ఇంకా ప్రమాదం, ఆగిన నైట్రేట్ అంతా ఒకేసారి పైకి వస్తుంది. వాన తర్వాత కనీసం ఐదారు రోజులు కోయకండి. కోసేటప్పుడు అడుగున జానెడు మోడు వదిలేయండి, నైట్రేట్ ఎక్కువగా ఉండేది కింది కాండంలోనే. ఎండబెడితే పోదు, సైలేజీ చేస్తే (గాలి తగలకుండా మాగబెడితే) సగం దాకా తగ్గొచ్చు. ల్యాబులో చూపించగలిగితే, ఎండు పదార్థంలో నైట్రేట్ అర శాతం లోపుంటే భయం లేదు, ఒకటిన్నర దాటితే పెట్టొద్దు. మేసిన కాసేపటికి పశువు రొప్పుతూ, తూలుతూ, రక్తం చాక్లెట్ రంగుకు మారితే అది నైట్రేట్ విషం, వెంటనే డాక్టరును పిలవండి, దానికి ఇంజెక్షన్ ఉంది. లేత జొన్నలో ఉండే సైనైడ్ విషం వేరు. అందులో రక్తం మరీ ఎర్రగా కనిపిస్తుంది, మందూ వేరు. ఏ గడ్డి మేసిందో, యూరియా ఎప్పుడు వేశారో డాక్టరుకు ముందే చెప్పండి. నేపియర్‌కు సైనైడ్ భయం లేదు గానీ నైట్రేట్ భయం ఉంది.

కొట్టం కడిగిన నీళ్లు పారే మొదటి రెండు సాళ్లు గమనించారా? అవి ఎప్పుడూ మిగతా గడ్డి కన్నా జానెడు ఎత్తు, నల్లగా ఉంటాయి. మూత్రంలో నత్రజని చాలా భాగం యూరియా రూపమే. ఆ రెండు సాళ్ల గడ్డిని ఒక్కటే కోసి ఒకే గేదెకు వేయకండి, మిగతాదాంతో కలిపి వేయండి. ఆ నీటిని రోజూ ఒకే చోటికి కాకుండా పైపు మార్చుతూ చల్క అంతా తిప్పితే, అదే విడతలవారీ ఎరువు, పైసా ఖర్చు లేకుండా.

చెరువు మట్టి తోలితే చల్క మారుతుందా అని చాలామంది అడుగుతారు, చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకం రోజుల్లో మరీనూ. లెక్క వేద్దాం. ట్రాక్టరుకు 3 టన్నుల చొప్పున ఎకరాకు 20 ట్రాక్టర్లు, అంటే 60 టన్నులు తోలారు. అందులో బంకమన్ను 45 శాతం అనుకుంటే 27 టన్నులు. పైపొర బంకమన్ను 12 శాతం నుంచి 14కు వస్తుంది. చల్క రేగడి అయిపోదు. కానీ ఆ రెండు శాతం, దాంతో వచ్చిన సేంద్రియ పదార్థం కలిసి తడి ఒక రోజు ఎక్కువ ఆపుతాయి, ఇసుక నేలలో ఆ ఒక్క రోజు తక్కువేమీ కాదు. తోలే ముందు ఆ మట్టిలో చౌడు లేదని చూసుకోండి.

మీ నేల ఏదో కచ్చితంగా తెలియాలంటే గుప్పెడు మట్టి తీసుకుని, రాళ్లు ఏరేసి, నీళ్లు చిలకరించి చపాతీ పిండిలా పిసకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెట్టుతూ పట్టీలా సాగదీయండి. గరగరలాడుతూ రెండు సెంటీమీటర్లలోపే తెగిపోతే చల్క. ఐదు దాటి సాగి, వేళ్లకు జిగురులా అంటుకుంటే రేగడి. మధ్యలో ఆగితే గరప, దానికి రెండు విడతలో మూడు విడతలో మీ ఇష్టం. ఒకే ఎకరంలో ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉండటం మామూలే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఆవరణలోనే ఎర్రనేల, రేగడి రెండూ ఉన్నాయి, మీ రెండెకరాల్లో ఉండటం వింతేం కాదు. ఎగువన, దిగువన వేర్వేరుగా పిసికి చూడండి.

ఆఖరుగా ఒక పని చేయండి. వచ్చే కోత తర్వాత రెండు పొలాల్లోనూ మూడు మీటర్ల పట్టీ ఒకటి వదిలేయండి, దానికి యూరియా వేయొద్దు. నాలుగు మూలలా కట్టెలు పాతండి. పదో రోజు, ఇరవయ్యో రోజు, ముప్పయ్యో రోజు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పట్టీకీ పక్క గడ్డికీ తేడా ఏ నేలలో ఎప్పుడు మొదలైందో, చల్కలో ఆ తేడా ఏ రోజుకు మాయమైందో చూడండి. అది మాయమైన రోజే మీరు వేసిన నత్రజని వేరుకు అందడం ఆగిపోయిన రోజు. ఆ ఫోటోలు ఇక్కడ పెడితే విడతల తేదీలు మీ పొలానికి సరిపోయేలా మార్చుకుందాం.